ఇంగ్లీషు వచ్చిన కుక్కపిల్ల

నక్కలు మా కోళ్లని ఎత్తుకుపోతున్నాయి. కాపలాకి మంచి జాతి కుక్కపిల్లని తెద్దామని ఈ రోజు పొద్దున మా అత్తగారితో కలిసి మనుబోలు పోయినాను. నేను ఇల్లరికపు అల్లుణ్ణి. మా ఇంట్లో కుక్కని ఎంచేది కూడా ఆమే.

రైల్వే గార్డుగా చేసి రిటైరైన ఒకాయన దగ్గర అల్సేషియన్ పిల్లలు ఉన్నాయి. తల్లి దొరల బంగళాలో పుట్టిందంట. మా అత్తగారు అచ్చం నా పెళ్లిచూపుల్లో అడిగినట్టే అడిగింది. తల్లి ఎట్లాంటిది, ఎంత తింటుంది, కోపం ఎక్కువా అని. గార్డుగారు ఓపిగ్గా అన్నీ చెప్పి, చివర్లో గొప్పగా "సిట్" అన్నాడు. పిల్ల టక్కున కూర్చునింది.

"దీనికి ఇంగ్లీషులో చెప్తేనే అర్థమవుతుందమ్మా," అన్నాడు.

"అయితే మాకొద్దులే అయ్యా," అనింది మా అత్తగారు. "మా ఇంట్లో ఇంగ్లీషు వచ్చింది మా అల్లుడికొక్కడికే. ఆయన మాట ఎవురు వింటారు?"

తిరిగొచ్చి, మా ఊరి రైసుమిల్లు దగ్గర పుట్టిన నాటు కుక్కపిల్లని ఎత్తుకొచ్చినాం. చేపల పులుసన్నం పెడితే గిన్నెతో సహా నాకేసింది. సాయంత్రం నేను పంతానికి పోయి "సిట్, సిట్" అని గొంతు పోయేట్టు అరిచినా, అది నా పంచె కొస పట్టుకుని లాగుతానే ఉండింది. మా అత్తగారు వంటింట్లోంచి వచ్చి "కూర్చో!" అని ఒక్క కసురు కసిరింది.

కుక్కపిల్ల కూర్చునింది. నేనూ కూర్చున్నాను.

మీలో ఇల్లరికపు అల్లుళ్లు ఎవరన్నా ఉంటే నిజం చెప్పండి, మీరైతే నిలబడే ఉండేవాళ్లా?