ఆదివారం మాత్రమే మాట్లాడిన కారు

ఆ రోజుల్లో కారున్న ఇంటికి హోదా ఉండేది గానీ మనశ్శాంతి ఉండేది కాదు. ఇప్పటివాళ్ళు అద్దాలు బిగించుకుని పాటలు పెట్టుకుంటారు కాబట్టి కింద ఏ భాగం ఊడి పడుతున్నా వాళ్ళకు పట్టదు. అరవయ్యో దశకం చివర్లో మేం కారెక్కగానే చేసే మొదటి పని చెవులు రిక్కించడం. నాన్నగారు యూనివర్సిటీలో లెక్చరరు, మా కాపురం క్యాంపస్ క్వార్టర్స్‌లో. కారేమో మా దగ్గరికి రాకముందే రెండు చేతులు మారిన ముసలిది. నేను ఇంటికి పెద్దమ్మాయిని, బీఎస్సీ ఆఖరి సంవత్సరం, ఫిజిక్సు. అంటే లోకంలో నాకు తెలియని విషయం లేదని గట్టిగా నమ్మే వయసు. (ఆ నమ్మకం ఇప్పటికీ పోలేదు, కాస్త నెమ్మదించింది, అంతే.)

ఆ చలికాలంలో, గుంటలో పడ్డప్పుడల్లా కారు కింద 'టక్' అనడం మొదలైంది. నేను ముందు సీట్లో కూర్చుని (అమ్మతో వాదించి గెలుచుకున్న సీటది) రెండుసార్లు విని, "ముందు కుడి చక్రం. షాకబ్జర్ పోయింది" అని తేల్చేశాను. నాన్నగారు ఆ తీర్పు పట్టుకుని తార్నాకలో కార్లు బాగుచేసే మిస్త్రీ దగ్గరికి వెళ్ళారు. నాన్నగారికో ఆచారం ఉండేది. పిల్లను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నట్టు, కారుకు శుభ్రంగా స్నానం చేయించి, సీట్లు దులిపి, డిక్కీ ఖాళీ చేసి, మమ్మల్నెవరినీ ఎక్కనివ్వకుండా ఒక్కరే వెళ్ళేవారు. మొదటిసారి షాకబ్జర్ మార్చారు. రెండోసారి ముందు భాగమంతా బిగించి గ్రీజు పెట్టారు. మూడోసారి నేను నమ్మకం కుదరక వెనకాలే సైకిలు మీద వెళ్ళాను. మిస్త్రీ ఒక్కడే కారు తీసుకుని ఓ చుట్టు తిరిగొచ్చి దిగాడు.

"సార్, బురా మానుకోకుండ్రి. ఆవాజ్ మీ చెవులల్ల ఉన్నది, బండిల లేదు."

పాఠం చెప్పే మనిషికి ఆ మాట ఎక్కడో తగిలింది. ఇంటికొచ్చి, "గోల్నాకాయన కారు అమ్మమని ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. సోమవారం వస్తాడు, ఇచ్చేస్తాను" అన్నారు. పరీక్షలయ్యాక నాకు డ్రైవింగు నేర్పుతానని ఆయన మాటిచ్చారు. కారు గోల్నాక వెళ్ళిపోతే ఆ మాటా దాంతోపాటే వెళ్ళిపోతుంది.

శనివారం నన్ను లైబ్రరీ దగ్గర దింపినప్పుడు కారు కిక్కురుమనలేదు. సాయంత్రం ఆ సంగతి చెబితే నాయనమ్మ కళ్ళజోడు తుడుచుకుంటూ నాన్నగారితో, "దానిక్కూడా భక్తి ఉందిరా అబ్బాయ్. ఆదివారం గుడికెళ్ళేటప్పుడే నోరు విప్పుద్ది" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వు మధ్యలో ఆగిపోయాను. ఆదివారం చర్చికి (మా ఇంట్లో దాన్ని గుడి అనే అంటాం) వెళ్ళేటప్పుడు మేం ఐదుగురం. మిస్త్రీ నడిపినప్పుడు ఒక్కడు. తేడా భక్తిలో లేదు, బరువులో ఉంది.

"రేపు గుడి నుంచి అందరం తిన్నగా మిస్త్రీ దగ్గరికే" అన్నాను.

"విశ్రాంతి దినాన ఇనప కొట్టుకా? నేను రాను" అంది నాయనమ్మ.

"ఆయన శుక్రవారం మూస్తాడు నాయనమ్మా, ఆదివారం తెరిచే ఉంటాడు."

"నేను చెప్పేది నా విశ్రాంతి గురించే, ఆయన విశ్రాంతి గురించి కాదు."

గంటసేపు వాదించాను. చివరికి, వచ్చే వారం నుంచి గుడికి నడకేనని గుర్తుచేశాక మెత్తబడింది.

పట్టుచీరలతో, బైబిళ్ళతో దిగిన మమ్మల్ని చూసి మిస్త్రీ, "ఏంది సార్, పెండ్లికి పోతున్నరా?" అన్నాడు.

"మా చెవుల్లో చప్పుడు మీకూ వినిపిద్దామని వచ్చాం" అన్నాను.

నాన్నగారు గుంటల మీదుగా మెల్లగా నడుపుతుంటే మిస్త్రీ మడ్‌గార్డు మీద చెయ్యి వేసి పక్కనే పరిగెత్తాడు. టక్. నాన్నగారి ముఖం ఎంత వెలిగిందంటే, డాక్టరేటు వచ్చిన రోజు కూడా అంత వెలగలేదట, అమ్మ చెప్పింది. తర్వాత మిస్త్రీ మమ్మల్ని ఒక్కొక్కరినే దింపుతూ, ప్రతిసారీ కారును మళ్ళీ గుంటలోంచి నడిపించాడు. తమ్ముడు దిగాడు, టక్. అమ్మ దిగింది, టక్. నిరసన తెలుపుతూ నేనూ దిగాను, టక్. వెనక ఎడమ పక్కనున్న నాయనమ్మ దిగింది. చప్పుడు లేదు.

"అయితే నేనేనంటావా చప్పుడు?" అంది నాయనమ్మ.

"నై అమ్మా. మీరు లేకుంటె ఇది దొరకకపోతుండె" అని మిస్త్రీ ఆవిడకు స్టూలు వేశాడు.

గడ్డపారతో వెనక ఎడమ చక్రం దగ్గర బరువు మోసే కమాను పట్టీల్ని ఎత్తి చూస్తే, చివర పిన్ను చుట్టూ ఉండాల్సిన రబ్బరు బుష్షు బొగ్గుపొడిలా రాలింది. బరువు పడినప్పుడల్లా ఇనుమూ ఇనుమూ కొట్టుకుంటున్నాయన్నమాట.

"నేను విన్నది ముందు నుంచే" అన్నాను, వెనక్కి తగ్గకుండా.

"ఆవాజ్ ఇనుము పట్టుకొని ముందుకొస్తది బిడ్డా. నువ్వు ముందు కూసున్నవ్, ముందే ఇనవడ్తది."

ఫిజిక్సు చదివింది నేను, చెప్పింది ఆయన. గోల్నాకాయన సోమవారం వచ్చి, కాఫీ తాగి, కారు లేకుండానే వెళ్ళాడు. "చోటు తప్పు, పద్ధతి ఒప్పు. సగం మార్కులు" అన్నారు నాన్నగారు. సగమంటే పాసే కదా అని వాదించాను. ఆ వేసవిలో క్యాంపస్ రోడ్ల మీద నేను స్టీరింగు పట్టుకుంటే, వెనక ఎడమ పక్క నాయనమ్మ కూర్చునేది, బుష్షుకు కాపలాగా.

మొన్న మా అమ్మాయి కారులో నేను వెనక ఎడమ పక్క కూర్చున్నాను. (నా బరువిప్పుడు నాయనమ్మకేం తీసిపోదు.) గుంటలో పడగానే టక్. "ముందు కుడి పక్కమ్మా, నాకు తెలుసు. విచిత్రమేంటంటే మెకానిక్ నడిపితే రాదు" అంది, అచ్చం నా గొంతుతో. నేను వాదించలేదు. (మా ఇంట్లో ఎవరూ నమ్మరు.) "ఈసారి వెళ్ళేటప్పుడు నన్ను కూడా ఎక్కించుకుని వెళ్ళు" అని మాత్రం చెప్పాను.