వెళ్లే ట్రిప్పు, వచ్చే ట్రిప్పు

మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బస్సు ఎక్కితే ముందుగా వేడెక్కిన రెక్సిన్ వాసన తగులుతుంది, దాని వెనకే డీజిల్. మొన్న కోరుకొండ బస్సులో ఆ వాసన తగలగానే నాకు జీవరత్నం గారు గుర్తొచ్చారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా డిపోలో ఏ బస్సు ఎన్నింటికి బయల్దేరాలో నిర్ణయించే సెక్షన్‌కి ఆయన పెద్ద. నేను ఆయన కింద గుమస్తాను. ఆయన గట్టిగా మాట్లాడటం ఎప్పుడూ వినలేదు. ఆదివారం చర్చికి వెళ్తూ కూడా బస్టాపులో ఆగి, ఎవరు ఎక్కుతున్నారో చూసేవారని వాళ్లావిడ నవ్వుతూ చెప్పేవారు.

అప్పట్లో నాకు కాగితం మీద నమ్మకం ఎక్కువ. పొద్దున ఎనిమిదింటి బస్సుకి జనం ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లు. సాయంత్రం నాలుగున్నరకు కాలేజీ పిల్లలు బస్సులో చోటు లేక రోడ్డు మీదే మిగిలిపోయేవాళ్లు. ఒంటిగంటకు గోదావరి లంక ఊళ్ల వైపు వెళ్లే బస్సు మాత్రం దాదాపు ఖాళీ. ఆ ట్రిప్పు తీసేసి, డ్రైవరు డ్యూటీని సాయంత్రానికి జరిపి, పిల్లల కోసం ఇంకో బస్సు వేద్దామని రాశాను. జీవరత్నం గారు కూతురి పురిటికని సెలవు పెట్టి వెళ్లారు. పైవాళ్లు సంతకం చేసేశారు. సోమవారం సాయంత్రం పిల్లలందరికీ బస్సు దొరకడం చూసి పొంగిపోయాను.

గురువారం ఆయన వచ్చి చార్టు చూశారు. “వెళ్లేటప్పుడు ఖాళీ, సరే. తిరిగొచ్చేటప్పుడు ఎవరెక్కుతున్నారో చూశావా అమ్మా?” అన్నారు. చూడలేదు. వెళ్లని బస్సు తిరిగి రాదన్న చిన్న సంగతి నాకు తట్టనే లేదు. ఆయన కోప్పడకుండా, “పద, చూసొద్దాం” అని ఆటో పిలిచారు.

మేం వెళ్లేసరికి రెండు దాటింది. ఆ రూట్లో చివరి ఊరి బస్టాపులో నలుగురు ఆడవాళ్లు క్యారేజీలు పట్టుకుని కూర్చున్నారు. వాళ్లలో సత్యవతి గారు రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో ఆయా. మూడింటికల్లా డ్యూటీలో ఉండాలి. “నాలుగు రోజుల్నుంచి రెండింటి బస్సు రావట్లేదండి. షేరాటో నిండితేగానీ కదలదు. రోజూ ఆలస్యమే. ఇవాళ కూడా లేటైతే వేరే మనిషిని పెట్టుకుంటామన్నారండి” అని చెప్పి, “బస్సు పాడైందాండి?” అని అడిగారు.

నేనే చెప్పాలనుకున్నాను. ఈలోపే జీవరత్నం గారు, “పాడవలేదమ్మా. మేమే ఆపేశాం, పొరపాటైంది” అన్నారు. ఆవిడ దగ్గర సూపర్‌వైజరు నంబరు తీసుకుని అక్కడే ఫోన్ చేశారు. “ఆలస్యం ఆవిడ వల్ల కాదండి, మా వల్ల. రేపట్నుంచి బస్సు వస్తుంది. ఇవాళ్టికి మేమే తీసుకొస్తున్నాం.” అవతలి మాట నాకు వినపడలేదు. ఆయన ఫోను దించి, “ఫర్వాలేదంటమ్మా, రమ్మన్నారు” అనేదాకా ఆయన మొహమే చూస్తూ నిలబడ్డాను. సత్యవతి గారు క్యారేజీ ఒళ్లో పెట్టుకుని, కొంగుతో మొహం తుడుచుకున్నారు.

ఆ నలుగురూ, మేమిద్దరం ఒకే ఆటోలో ఇరుక్కుని బయల్దేరాం. ఎవరి మోచెయ్యో నా పక్కలో గుచ్చుకుంటున్నా హాయిగానే ఉంది. “మరి కాలేజీ పిల్లల సంగతేంటి సార్?” అన్నాను. “పదకొండింటికి టౌన్లో తిరిగే బస్సొకటి రెండువైపులా ఖాళీగానే ఉంటుంది. దాన్ని జరుపుదాం. ఈసారి ముందు ఎక్కి చూద్దాంలే” అన్నారు. అలాగే చూశాం. వారం తిరక్కుండా పిల్లలకూ బస్సు కుదిరింది.

ఆయన రిటైరై నిడదవోలులో ఉంటున్నారు. ఇంకో డిపోలో ఇప్పుడు ఆ పని నాది. ఏ ట్రిప్పు తీసేద్దామన్నా అందులో వెళ్లి, అందులోనే తిరిగొస్తాను. ఆరోజు ఆయన “మేమే” అన్నారుగానీ నా వైపు చూడను కూడా చూడలేదు. నా కింద పనిచేసేవాళ్లు పొరపాటు చేస్తే ఇప్పుడు ఫోను నేనే తీస్తాను. “మా వల్లేనండి” అనడం మొదట్లో కష్టంగా ఉండేది. ఇప్పుడు తేలిగ్గానే వస్తోంది.