ఓర్కు గుణం ఒక స్థిరాంకం

ఓర్కు అంటే తెలియని పాఠకులకు ముందుగా నిర్వచనం ఇవ్వాలి. అది కంప్యూటర్ ఆటల్లో కనిపించే ఒక జాతి. ఆకుపచ్చ చర్మం, కింది దవడ నుంచి పైకి పొడుచుకొచ్చిన రెండు కోరలు, చేతిలో గొడ్డలి. వృత్తి: ఊళ్ల మీద పడటం. కారణం: ఓర్కు కావడం. ఇంటర్ చదివే రోజుల్లో సూర్యాపేటలోని ఒక నెట్ సెంటర్‌లో కూర్చుని వాటిని కొన్ని వేలు చంపాను. ఒక్కదాని గురించీ బాధపడిన గుర్తు లేదు.

2007లో, కోదాడ దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీలో చివరి ఏడాది ప్రాజెక్టుగా అలాంటి ఆటనే తయారుచేయాలని నిర్ణయించాను. జట్టులో ఇద్దరమే. ఊరు, పొలాలు, ఊరివాళ్లు, యుద్ధ నియమాలు నావి. ఓర్కుల నడక, ప్రవర్తన నా మిత్రుడివి. మాది చివ్వెంల దగ్గర వ్యవసాయ కుటుంబం. అతడిది పెన్‌పహాడ్ వైపు గొర్రెలు కాసే కుటుంబం. ఈ వివరానికీ ప్రాజెక్టుకూ సంబంధం లేదని అప్పట్లో నా అభిప్రాయం.

ఓర్కుల నీతిని నేను ఒక్క పంక్తిలో తేల్చేశాను. ప్రోగ్రాంలో ‘గుణం’ అనే స్థిరాంకం పెట్టి, దానికి ‘చెడు’ అనే విలువ ఇచ్చాను. స్థిరాంకం అంటే ఆట మొదలయ్యాక ఎవరూ మార్చలేనిది. తత్వవేత్తలు వేల ఏళ్లుగా తేల్చలేకపోయిన విషయానికి నాకు పట్టిన సమయం సుమారు నాలుగు సెకన్లు.

మొదటి పరీక్షలోనే తేడా వచ్చింది. మిత్రుడి ఓర్కులు గుంపుగా వచ్చాయి, కోత అయిన మడిలో ఆగాయి, పడుకున్నాయి, తెల్లవారగానే లేచి వెళ్లిపోబోయాయి. నా ఊరివాళ్లు మాత్రం నియమానుసారం వాటిని అక్కడే నరికేశారు.

“బగ్ ఉన్నదిరా. ఊరి మీద పడ్తలేవు,” అన్నాను.

“ఎందుకు పడాలె?”

“చెడ్డయి గద.”

“చెడ్డోళ్లయితే అయిండ్రు. ఏం తింటరు?”

“ఏం తినయి. ఓర్కులు.”

“పిల్లలున్నరా?”

“లేరు.”

“మరి ఇంతమంది యాడికెల్లి వచ్చిండ్రు? నీ కోడ్‌ల పుట్టిండ్రా?”

“పుట్టుడు గిట్టుడు మన సిలబస్‌ల లేదు. నువ్వు దాడి రాయి.”

“కారణం జెప్పు, రాస్త. ఊకెనే ఎట్ల పడ్తరు మంది మీద?”

కారణం నా దగ్గర లేదు. స్థిరాంకం మాత్రమే ఉంది. దాడి లేనిదే ఆట లేదు కనుక ప్రాజెక్టు అక్కడే ఆగింది.

ఇంతలో డిసెంబరు వచ్చింది. సెలవులకు ఇద్దరం ఎవరిళ్లకు వాళ్లం వెళ్లాం. వరికోత అయ్యాక మా మడిలో గొర్రెల మంద పెట్టించాలన్నాడు నాయన. రాత్రంతా గొర్రెలు పడుకున్న మడికి వేరే ఎరువు అక్కర్లేదు. అందుకే మా వైపు రైతులు కాపరులను కోరి పిలిచి, రాత్రికింత అని ఇస్తారు. నేనే మిత్రుడికి ఫోన్ చేశాను. మిర్యాలగూడ దగ్గర, కాలువ కింది పొలాల్లో గొర్రెలను మేపుతున్న వాళ్ల నాయన మూడు రోజులు మందను నడిపించుకుంటూ మా ఊరు చేరాడు. మా మడిలో చుట్టూ తాడువల కట్టి గొర్రెలను ఆపాడు.

రెండో రోజు పొద్దున చూస్తే పక్క రైతు నారుమడి సగం మేసి, తొక్కేసి ఉంది. దాని మీద జరిగిన విచారణకు నా స్థిరాంకానికి పట్టినంత సమయం కూడా పట్టలేదు.

“మందోళ్లు గింతే. పిలిస్తె నెత్తికెక్కుతరు,” అన్నాడు పక్క రైతు.

“నా వల జూడుండ్రి పటేలా. యాడ తెగలే, యాడ ఒరగలే,” అన్నాడు మిత్రుడి తండ్రి.

“నీ వల ముచ్చట తర్వాత. ముందుగాల బందెలదొడ్లకు తోలు.”

బందెలదొడ్డి అంటే పంట మేసిన పశువులను బంధించే నాలుగు గోడల చోటు. ఈనడానికి దగ్గరపడిన గొర్రెలతో సహా మందనంతా అందులోకి తోలి గేటు వేశారు. లోపల మేత లేదు, నీళ్లు లేవు.

వివరాల్లో కచ్చితత్వం నా అలవాటు కనుక నారుమడి బురదను పరిశీలించాను. గొర్రె గిట్ట నా రెండు వేళ్ల వెడల్పు దాటదు. అక్కడున్న గుర్తులు నా అరచేయంత ఉన్నాయి. మరో వివరం కూడా నాకు తెలుసు. ముందు రోజు సాయంత్రం మా బర్రెను కట్టింది నేనే. ఓర్కుల నడక గురించి ఆలోచిస్తూ పలుపు ముడి సగమే వేశాను. పొద్దున అది కొట్టం బయట మూతికి బురదతో ప్రశాంతంగా నెమరు వేస్తూ నిలబడింది. ఊరు లేవకముందే దాన్ని మళ్లీ కట్టేశాను. ఈసారి ముడి చాలా శాస్త్రీయంగా వచ్చింది.

ఈ సంగతి నాయన చెవిలో వేశాను.

“నోరు మూసుకో. పక్కోడు దినాం మొకం జూసేటోడు. మందోళ్లు రేపు పొయ్యేటోళ్లు.”

నీతిశాస్త్రాన్ని ఇంత క్లుప్తంగా ఏ గ్రంథమూ చెప్పి ఉండదు. చదువుకున్నవాణ్ని కనుక ఒక్కసారికే అర్థమై నోరు మూసుకున్నాను. పొద్దుగూకే వేళకు మిత్రుడి తండ్రి తప్పు ఒప్పుకున్నాడు. శిక్షగా పక్క రైతు పొలంలో రెండు రాత్రులు ఊరికే మంద పెట్టాలన్నారు. సరేనన్నాడు. మా బర్రెకు ఆ సాయంత్రం కూడా దాణా వేళకే అందింది.

కాలేజీలో మిత్రుడు నన్నేమీ అడగలేదు. వారం తర్వాత అన్నాడు: “దాడి రాసిన.”

“కారణం?”

“దొరికింది.”

ఏ పంక్తినీ పరీక్షించకుండా వదలని నేను, అతడు రాసిన ఆ భాగాన్ని వైవా రోజు దాకా తెరిచి చూడలేదు.

వైవాకు బయటి కాలేజీ నుంచి ఒక పరీక్షకుడు వచ్చాడు. ఆట నడిపించాం. ఓర్కులు గొడ్డళ్లతో గుట్ట దిగాయి. నారుమడి గట్టు మీదుగా ఒకదాని వెనక ఒకటి నడిచాయి. ఒక్క మొక్క తొక్కలేదు. ఇళ్ల ముందు నుంచి వెళ్లాయి, ఎవరినీ ముట్టలేదు. ఊరి చివర, నా పటంలో నేను గీయని ఒక నాలుగు గోడల దొడ్డి కనిపించింది. దాని గేటు విరగ్గొట్టాయి. లోపల నుంచి గొర్రెలు బయటికి వచ్చాయి. ఓర్కులు వాటిని తోలుకుంటూ గుట్ట ఎక్కి వెళ్లిపోయాయి.

“ఇదేనా దాడి? ఎవర్నీ చంపలేదేంటి?” అన్నాడు పరీక్షకుడు. రిపోర్టు తిరగేసి, “గుణం చెడు అని రాశారు కదా. ప్రోగ్రాం తప్పా, గుణం తప్పా?” అని అడిగాడు.

మిత్రుడు నా వైపు చూశాడు. ప్రోగ్రాం తప్పంటే తప్పు అతడి మీదికి పోతుంది, నేను తప్పించుకుంటాను.

“గుణం తప్పు సార్. నారుమడి మేసింది మా బర్రె.”

ఆయన మళ్లీ రిపోర్టు తిరగేశాడు. “బర్రె ఎక్కడుంది? డిజైన్‌లో లేదే?”

“లేదు సార్. నేనే పెట్టలేదు.”

పాసయ్యేందుకు సరిపడా మార్కులు వేశాడు. ఆయన దయాగుణం కూడా స్థిరాంకమే అయివుండాలి.

కోదాడ బస్టాండులో సూర్యాపేట బస్సు కోసం నిలబడ్డాం. మిత్రుడు అన్నాడు:

“నాయినకు ఆ పొద్దే ఎరుక.”

“ఏంది?”

“గొర్రె గిట్టకు, బర్రె గిట్టకు ఫరక్ తెల్వకుంటనే ఇన్నేండ్ల సంది మంద కాస్తున్నడారా?”

“మరి ఎందుకు జెప్పలే?”

“జెప్తె వచ్చేయేడు మీ ఊర్ల మంద ఎవలు పెట్టనిస్తరు?” అన్నాడు. “కొడుకు దోస్తు గద, నువ్వు జెప్తవని పొద్దూకేదాక జూసిండట.”

బస్సు వచ్చింది. అతడు తన పక్క సీటు ఖాళీగానే ఉంచాడు. నేను మా ఊరి స్టేజీ దాకా నిలబడే వచ్చాను.