హనాను సాగనంపిన రోజు

పలమనేరుకు దగ్గరి పల్లెలో పాడి రైతు మునిచంద్ర కూతురు భానుప్రియ. తిరుపతిలో డెయిరీ చదువుకు సీటు వచ్చినప్పుడు ఊళ్లో కొందరు నవ్వారు, పేడ ఎత్తడానికి కూడా పట్టా కావాలా అని. ఆమె పట్టించుకోలేదు. మూడో ఏడాది వేసవిలో కాలేజీవాళ్లు కొందరు విద్యార్థులను జపాన్‌కు పంపారు, అక్కడి పాడి రైతుల ఇళ్లలో ఉండి పని చూసి రమ్మని. ఆ కొందరిలో భానుప్రియ ఉంది.

అవ్వ జ్ఞానాంబకు అది నచ్చలేదు.

“ఆ దేశంలో ఆవుల్ని తింటారంట గదరా. పిల్లను అట్లాంటి కొంపలో పెడతావా?” అని కొడుకును నిలదీసింది.

“తింటే వాళ్లు తింటారులేమ్మా. ఇది తినదు గదా,” అన్నాడు మునిచంద్ర. కూతురితో మాత్రం, “మిషన్లతో పాలు ఎట్ల పిండుతారో బాగా సూసి రా పాపా. మిగతాది మనకెందుకు,” అన్నాడు.

ఆమెకు ఇంట్లో చోటిచ్చింది ఉత్తరాన హొక్కైడోలో మొరిటా అనే రైతు, ఆయన భార్య ఫుమికో. యాభై దాటిన మనుషులు. వాళ్లకు తెలిసిన ఇంగ్లీషు నాలుగు ముక్కలు, ఈమెకు వచ్చిన జపనీసు అంతకన్నా తక్కువ. ఫోన్‌లో ఒకరు టైపు చేస్తే అనువాదమైనది ఇంకొకరు చదువుకునేవారు. ఫుమికోను ‘ఒకాసాన్’ అని, అంటే అమ్మా అని పిలవమన్నారు. వేరే ఇళ్లలో దిగిన తోటి విద్యార్థులు కొందరు అలా పిలవడానికి మొహమాటపడ్డారు గానీ భానుప్రియకు అది కష్టం అనిపించలేదు. పలమనేరులో కూరగాయలమ్మే ఆమెనైనా అమ్మా అనే పిలుస్తారు.

మొదటి సాయంత్రమే ఒక పొరపాటు చేసింది. ఆ ఇంట్లో ఒళ్లు తొట్టి బయటే రుద్దుకుని, కడుక్కుని, ఆ తర్వాత వేడినీళ్ల తొట్టిలో కూర్చుంటారు. ఒకరి తర్వాత ఒకరు అవే నీళ్లలో. అతిథి కాబట్టి ముందు ఈమెను పంపారు. ఈమె స్నానం ముగించి, శుభ్రంగా ఉంచాలని నీళ్లన్నీ వదిలేసి వచ్చింది. ఫుమికో తొట్టి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వి, మళ్లీ నింపింది. స్నానమయ్యాకే భోజనం కాబట్టి మొరిటా ఆకలితోనే చాలాసేపు ఆగాల్సి వచ్చింది.

తిండికి ఇబ్బంది కలగలేదు. అన్నం, గుడ్డు, చేప. తను ఉన్నన్నాళ్లూ ఆ ఇంట్లో గొడ్డుమాంసం వండలేదన్న సంగతి ఆమెకు చాలా ఆలస్యంగా తట్టింది.

కొట్టంలో అన్నీ నలుపూ తెలుపూ మచ్చల పెద్ద ఆవులు. చెవులకు నంబర్లుంటాయి. అయినా ఫుమికో వాటికి పేర్లు పెట్టుకుంది. వాటిలో హనా ముసలిది. భానుప్రియ ఒకరోజు దాని పక్కన గొంతుక్కూర్చుని, మోకాళ్ల మధ్య బకెట్టు పెట్టుకుని చేత్తో పిండి చూపించింది. హనా కదలకుండా నిలబడింది. మొరిటా పని ఆపి మరీ చూశాడు. ఆ రోజునుంచీ హనాకు మేత వేయడం భానుప్రియ పనైంది.

ఒక సాయంత్రం భోజనాల దగ్గర మొరిటా ఫోన్ ఆమె ముందుకు జరిపాడు. ‘రేపు హనా వెళ్తుంది’ అని ఉంది.

ఎక్కడికని ఆమె టైపు చేసింది.

ఆయన దాచలేదు. హనా ఇక చూడి కట్టదు, పాలు తగ్గిపోయాయి, మాంసానికి పంపుతున్నాం అని రాశాడు.

ఆమె అన్నం వదిలేసి గదిలోకి వెళ్లింది. ఇంటికి ఫోన్ చేసింది. అక్కడ ఇంకా ఎండ పొద్దే.

“నాయనా, పోయినేడు మన గౌరిని యాడికి తోలినావు?”

“సంతకి. నీకు తెలీదా?”

“సంతలో ఎవురు కొన్నారు?”

“ఎవురో యాపారి. ఎందుకడుగుతావుండావు?”

“ఆయన యాడికి తోలుకుపోయినాడు?”

“అదంతా మనకెందుకు పాపా. అన్నం తిన్నావా?” అన్నాడు.

పొద్దున్నే లారీ వచ్చింది. ఫుమికో అప్పటికే హనా ఒళ్లంతా బ్రష్షుతో రుద్ది తుడిచింది. లారీ కదిలినప్పుడు మొగుడూ పెళ్లాలిద్దరూ రోడ్డు మీద నిలబడి నడుం వంచి నమస్కరించారు. అది మలుపు తిరిగేదాకా అలాగే ఉన్నారు. కొట్టం వెనక ఒక నిలువు రాయి ఉంది, పోయిన పశువుల కోసం నాటినది. ఫుమికో దాని ముందు పూలు పెట్టి చేతులు జోడించింది. భానుప్రియ దూరంగా నిలబడి చూసింది. దగ్గరికి పోబుద్ధి కాలేదు. అంత ప్రేమే ఉంటే పంపడమెందుకు అనుకుంది.

ఆ తర్వాత పని చేసింది గానీ వాళ్లతో సరిగా మాట్లాడలేదు. వాళ్లూ కదిలించలేదు. చివరికి ఒక మధ్యాహ్నం గడ్డి సర్దుతుండగా ఫుమికో ఫోన్ చూపించింది. ‘మీ దేశంలో ముసలి ఆవులు ఏమవుతాయి?’

మేం ఆవును తల్లిలా పూజిస్తాం అన్న జవాబు నోటి చివరే ఉంది. అది అబద్ధం కూడా కాదు. కనుమనాడు గౌరి కొమ్ములకు పసుపు పూసింది తనే. భానుప్రియ చాలాసేపు ఆలోచించి, ‘సంతకు పంపుతాం. ఆ తర్వాత ఏమైందో అడగం’ అని టైపు చేసింది.

ఫుమికో చదివింది. తల ఊపింది. తప్పు పట్టినట్టు లేదు, మెచ్చుకున్నట్టూ లేదు. చేతి తొడుగులు వేసుకుని మళ్లీ గడ్డి ఎత్తసాగింది. వెళ్లిపోయే ముందురోజు భానుప్రియ ఒక్కతే ఆ రాయి దగ్గరికి పోయి కాసేపు నిలబడింది.

తిరిగొచ్చిన మరుసటి ఏడు ఇంట్లో ఇంకో ఆవు వట్టిపోయింది. సంతకు తోలే రోజు ఆడవాళ్లు లోపలే ఉండిపోవడం ఆ ఇంటి అలవాటు. ఈసారి భానుప్రియ చెప్పులేసుకుని బయటికి వచ్చింది.

“నేనూ వస్తా నాయనా.”

“ఆడికి నువ్వేంటికి?”

“అమ్మేటప్పుడు ఆడ నిలబడాల.”

జ్ఞానాంబ గొణిగింది. మునిచంద్ర వద్దనలేదు. ఆవును ఎక్కడికి తోలుకుపోతావని సంతలో వ్యాపారిని ఆమె సూటిగా అడిగింది. అతను మునిచంద్ర మొహం చూసి, తర్వాత కోతకేనని నిజమే చెప్పాడు. మునిచంద్ర ఆవును మళ్లీ ఇంటికి తోలుకొచ్చాడు. దాని మేత గురించి రెండేళ్లపాటు ఇంట్లో అప్పుడప్పుడూ గొడవ జరిగేది. అది కొట్టంలోనే చచ్చిపోయింది. ఆ తర్వాతి ఆవును మాత్రం అమ్మక తప్పలేదు. ఆ రోజు కూడా భానుప్రియ తండ్రి పక్కనే నిలబడింది.

ఇప్పుడామె పలమనేరు దగ్గర ఒక పాల శీతలీకరణ కేంద్రంలో ఉద్యోగం చేస్తోంది. మొరిటా వాళ్లు వయసైపోయి ఆవుల్ని పొరుగు రైతుకు ఇచ్చేశారు. పొద్దున్నే లేచినా చేయడానికి పనుండడం లేదని ఫుమికో మెసేజి పెట్టింది. భానుప్రియ పెద్ద జవాబు రాసి, తుడిపేసి, తమ కొట్టంలో ఆ వారమే పుట్టిన పెయ్యదూడ ఫొటో పంపింది.

జవాబు వెంటనే వచ్చింది. ‘కాళ్లు గట్టిగా ఉన్నాయి. జున్నుపాలు బాగా తాగించు.’