ముందే పంచేసిన చలిమిడి

"అత్తా, ఆగత్తా" అంటూ నేను సందులోకి పరిగెత్తీసరికి ఆవిడ అప్పుడే మూడో ఇంటి గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో స్టీలు పళ్ళెం, పళ్ళెంలో చలిమిడి ముద్దలు, ఒక్కో ముద్ద మీద ఒక్కో కొబ్బరి ముక్క. నా తల తడి, చంకలో చిన్నది, ఒక చేత్తో కుచ్చిళ్ళు పట్టుకుని పరిగెత్తాను. ఆ ఇంటావిడ అప్పటికే ఒక ముద్ద నోట్లో వేసుకుని, "ఏ దేవుడి ప్రసాదం దాయీ?" అని హిందీలో అడుగుతోంది. దాయీ అంటే ఇక్కడోళ్ళ మాటలో అమ్మ. మా అత్త నన్ను చూసి నవ్వింది. నా పొట్ట వైపు వేలు చూపించి, "లడకా" అంది.

నెల తప్పి ఎన్నాళ్ళో కాలేదు. పక్కింట్లో ఆవనూనె కాగిన వాసనకి రెండుసార్లు వాంతైంది, అంతే. దాంతో మా అత్త తేల్చీసింది, కడుపేనని, అదీ మగపిల్లాడేనని. మాలో కడుపుతో ఉన్న పిల్లకి పుట్టింటోళ్ళు చలిమిడి తెచ్చి పెడతారు, కడుపు చలవ అని. మా అమ్మావాళ్ళుండేది విజయనగరం అవతల, ఈ హిందీ ఊరికి రాత్రంతా రైలు. "వాళ్ళొచ్చేదాకా ఎవరాగుతారు, నేనే పెట్టీస్తాను" అని రాత్రి బియ్యం నానేసి, తెల్లారగానే పక్కింటి రోట్లో దంచి, బెల్లం పాకం పట్టీసింది. నాకు పెట్టకుండానే ఊరు మీద పడింది.

సిగ్గుతో సగం చచ్చాను. మిగతా సగం భయం. ఎందుకంటే అప్పటికే నాకు ఇద్దరాడపిల్లలు. మా ఆయన ఊరవతల సిల్తారాలో ఇనుము ఫ్యాక్టరీలో పని. అప్పుడప్పుడే అక్కడ ఒకదాని పక్కన ఒకటి పొగగొట్టాలు లేస్తున్నాయి. రోజూ నల్లటి మొహంతో ఇంటికొచ్చేవాడు, పళ్ళొక్కటే తెల్లగా కనిపించేవి. ఆ ఒక్క జీతం మీదే అందరం. నేనెలాగో వెంటపడి వెంటపడి మా సందు చివర అటుకుల మిల్లులో పని ఒప్పించుకున్నాను, జల్లెడ పట్టి సంచులకెత్తే పని. ఆ సోమవారం నించి రమ్మన్నారు. అక్కడ వడ్లు వేపే భట్టీ దగ్గర వేడి మామూలు వేడి కాదు, కడుపుతో ఉన్నోళ్ళని లోపలికి రానివ్వరు. పెద్దదాన్ని మంచి బడిలో వెయ్యాలని నా ఆశ. నేను ఏడుతో ఆపీశాను, అదైనా ఆగకూడదని. మూడోది వస్తే మిల్లూ లేదు, బడీ లేదు.

ఆ సాయంత్రం మా ఆయన అన్నం తింటూంటే కదిపాను. "ఆసుపత్రికెళ్ళి చూపించుకుంటాను. కడుపు లేకపోతే మాత్రం ఇంక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుంటాను."

ఆయన తలెత్తలేదు. "అమ్మేటంటే అదే."

"కనేది నేనా, మీ అమ్మా?"

మా అత్త పీట మీంచి అందుకుంది. "నారు పోసినోడు నీరు పొయ్యడేటే?"

"నీరు పోసేది మునిసిపాలిటీ అత్తా. అదీ పొద్దున్న కాసేపు."

మా ఆయనకి నవ్వొచ్చి పొలమారింది. ఆవిడ కొడుకు నెత్తి మీద తడుతూనే నాకు చెప్పింది. "నీకు ఎటకారంగా ఉంది గాని, మీ మావయ్య రైల్వే గ్యాంగులో చేసిన రోజుల్లో మా ఇంట్లో ఎంతమంది పిల్లలో అన్ని తట్టలు. పట్టాలెంట బొగ్గేరుకొచ్చేవోళ్ళు, పేడ తెచ్చేవోళ్ళు. ఒక్క చెయ్యి సంపాదిస్తే ఏ కొంప బాగుపడింది?"

"అందుకే గదా రెండో చెయ్యి నేనంటున్నాను. ఇప్పుడు తట్టలెవరికి కావాలత్తా? ఫ్యాక్టరీ గేటు దగ్గర అడిగేది ఏం చదివావనే. నీ కొడుకునే అడుగు."

ఆయన అన్నం కలుపుతూ, "అది నిజవే" అన్నాడు గొణిగినట్టు. అంతే, మళ్ళీ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

పెద్దాసుపత్రికి మా అత్త కూడా బయల్దేరింది. మంచి కబురు తన చెవుల్తో వినాలని. చిన్నదానికి సూది వేయించాల్సిన రోజులు కూడా వచ్చాయి, ఎత్తుకోడానికి మనిషి కావాలి గదా అని నేనూ సరే అన్నాను. పట్టుచీర కట్టుకుంది మహాతల్లి. వరండా నిండా ఆడాళ్ళు, గోడకానుకుని కొందరు, నేల మీద కొందరు. పరీక్షకి సీసాలో ఉచ్చ పట్టిచ్చి కూర్చున్నాను. ఎప్పుడు పిలుస్తారా అని తలుపు వైపే చూస్తున్నాను. మా అత్త మాత్రం పక్కనావిడకి సైగలతో బొట్టు పెట్టుకోడం బావుందని చెబుతోంది.

నర్సమ్మ పిలిచింది. నడివయసు మనిషి, మాట కరుకు. "కడుపూ లేదు, ఏం లేదు. కళ్ళు చూడు, సున్నం కొట్టినట్టున్నాయి. ఒంట్లో రక్తం లేక నెల ఆగింది. తిని చావవా నువ్వు?"

ఆ తిట్టు నాకెంత తియ్యగా ఉందో చెప్పలేను. బల్ల మీద కూలబడ్డాను. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలీలేదు. నర్సమ్మ విచిత్రంగా చూసి నీళ్ళ గ్లాసు తోసింది.

మా అత్తకి తెలుగులో చెప్పాను. మొహం వాడిపోయింది. "మరి చలిమిడి?" అంది, అదేదో నర్సమ్మ తిరిగిస్తుందన్నట్టు.

తర్వాత చిన్నదానికి సూది. మా అత్త ఒళ్ళో గట్టిగా పట్టుకుంది. అది గుక్కపట్టి ఏడిస్తే ఆవిడ కళ్ళలో కూడా నీళ్ళు. నర్సమ్మ దూది అదుముతూ అడిగింది. "దాయీ, నీకెంతమంది?"

నేను తెలుగులో చెబుదామనేలోపే మా అత్త వేళ్ళు చూపించింది. ముందు తొమ్మిది. తర్వాత అయిదు మడిచీసింది.

నర్సమ్మ గొంతులో కరుకు తగ్గింది. "నీ అత్తకి చెప్పు. అప్పుడీ సూదులు ఆవిడ పిల్లలకి అందలేదు. ఈ ఇద్దరికీ అన్నీ పడుతున్నాయి. వీళ్ళు నిలబడతారు." చెప్పాను. మా అత్త పిల్ల జబ్బ మీద దూది పెట్టిన చోట ఊదుతూ కూర్చుంది.

ఆపరేషన్ గురించి అడిగితే నర్సమ్మ, ముందు రక్తం పట్టడానికి మాత్రలు మింగమంది, పిల్లలు పుట్టకుండా అప్పటిదాకా వేరే మాత్రలిస్తానంది, ఆపరేషనుకి పేరు మాత్రం మొగుడితో వచ్చి రాయించుకోమంది.

తిరుగుదారిలో ఆటోలో ఫాఫాడీ కూడలి దాటాక మా అత్త అంది. "ఓసే, నిజంగా నిలుస్తారంటావా?"

"నర్సమ్మ చెప్పింది గదత్తా."

"మేం లెక్క పెట్టుకుని కన్నావేటే. ఏది ఉంటాదో ఏది పోతాదో తెలీక కన్నాం. పోయిన ప్రతిసారీ, ఇంకోటుంటే బావుణ్ణనుకునేదాన్ని." చిన్నదాని జుట్టు చెవి వెనక్కి తోసింది. "ఇద్దరూ నిలిచేటట్టైతే మూడోది నాకేటికి? రాయించుకో. నీ మిల్లుకెళ్ళు. వీళ్ళని నేను చూసుకుంటాను."

నేనావిడ చెయ్యి పట్టుకున్నాను. "మరి మీ అబ్బాయి?"

"ఆడేటంటాడు? నేనేటంటే అదే గదా."

సందులోకి రాగానే ఎదురింటావిడ గుమ్మంలోంచి, ఏం చెప్పారని చేతులూపింది. మా అత్త పట్టుచీర కొంగు సర్దుకుని, ఏమాత్రం తొణక్కుండా, "పరసాద్, పరసాద్" అనుకుంటూ లోపలికెళ్ళిపోయింది. ఆ రోజు ఎన్నో నెలల తర్వాత నేను రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నాను, పాలకూర పప్పేసుకుని.

మర్నాడు పొద్దున్న మా ఆయన రాత్రి డ్యూటీ దిగి సైకిలు గోడకి ఆనించాడో లేదో, నేను చీర మార్చుకుని గుమ్మంలో ఉన్నాను. "స్నానం చేసొస్తానే" అంటే వినలేదు. "నీ మొహం ఎవరూ చూడరు గాని పద" అని, ఆ నల్లమొహం మనిషిని అలాగే ఆటో ఎక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి నా పేరు రాయించాను.