చద్దరుకెక్కిన హీరో

ఆ రోజుల్లో మా షోలాపూర్‌లో తెలుగు సినిమా చూడడమంటే ఇప్పటిలా దిండు కింద నుంచి ఫోను తీసినంత తేలిక కాదు. మా పేటల్లో ఎటు తిరిగినా తెలుగే వినిపించేది గానీ, థియేటరువాళ్లు దయతలిచి మాకిచ్చేది ఆదివారం పొద్దుటి ఆట ఒక్కటే. ఆ సినిమా కూడా హైదరాబాదులో ఆడీ ఆడీ, రీళ్లు అరిగి, నిండా గీతలు పడ్డాక వచ్చేది. హీరో మండుటెండలో పాడుతున్నా మాకు వానలో పాడుతున్నట్టే ఉండేది. అయినా అది పాత సినిమా అని మాలో ఎవరూ అనుకోలేదు. మా ఊరికి ఎప్పుడొస్తే అప్పుడే కొత్తది.

అశోక్ చౌక్ వెనక గల్లీలో మా ఇల్లు. ముందు గదిలో బాపు సాంచాలు (పవర్‌లూములను మేం సాంచాలంటాం, నాన్నను బాపు అంటాం), వెనక గదిలో అమ్మ బీడీల చాట. ఆ ఇంట్లో మనిషికో హీరో ఉండేవాడు. మా నాయినమ్మ హీరో నాటకాలాయన. ఆమె కొత్త కోడలిగా ఈ ఊరొచ్చిన కాలంలో తెలంగాణ నుంచి ఒక నాటకం కంపెనీ వచ్చి గల్లీలోనే పందిరి వేసి ఆడేదట. అందులో ముసలి రాజు వేషం కట్టే ఆయన పద్యం ఎత్తుకుంటే మగ్గాలన్నీ ఆగిపోయేవట. బాపు హీరో కిరీటం పెట్టుకుని దేవుడి వేషాలు వేసే పాతకాలపు ఆయన. ఆయన ఫొటో దేవుడి పటాల పక్కనే ఉండేది (చుట్టాలు పొరపడి దండం పెట్టకుండా అమ్మ దానికి మాత్రం బొట్టు పెట్టేది కాదు). ఇక నాకూ మా అన్నకూ నల్లద్దాల హీరో. ఆయన అద్దాలు తీస్తే మాకు ప్రాణం లేచొచ్చేది, మళ్లీ పెట్టుకుంటే ఇంకా లేచొచ్చేది.

నేను పదో తరగతి పాసయ్యాను. మా గల్లీలో ఆడపిల్ల చదువు ఆగితే తరువాతి చోటు అమ్మ పక్కన, చాట ముందు. అది తక్కువ పనేమీ కాదు. సాంచాలు మూలపడ్డ నెలల్లో మా ఇంట్లో పొయ్యి వెలిగింది అమ్మ చుట్టిన బీడీల వల్లే. కానీ నా చేయి పెన్సిల్ కోసం కొట్టుకునేది. గోడ మీద, నూలు వచ్చే అట్టపెట్టెల మీద, చివరికి బీడీ కట్టల కాగితాల మీద కూడా నల్లద్దాల హీరో ముఖం గీసేదాన్ని. నాకు నక్షీ పని కావాలి. అంటే చద్దరు మీదికి వచ్చే పువ్వులనూ నెమళ్లనూ ముందుగా గడుల కాగితం మీద గీయడం. అప్పట్లో మా పేటలో ఆ పని చేసేవాళ్లంతా మగవాళ్లే. నేనా మాట ఎత్తినప్పుడల్లా బాపు "పెన్సిల్ పోరి" అని నవ్వి సాంచా దగ్గరికి వెళ్లిపోయేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది.

అప్పుడు వచ్చింది మా హీరో కొత్త సినిమా. వచ్చిందంటే మామూలుగా రాలేదు, హైదరాబాదులో విడుదలైన రోజే మా ఊళ్లోనూ విడుదల! అన్నకీ, వాడి దోస్తులకీ నేల మీద కాళ్లు నిలవలేదు. పక్క గల్లీవాళ్లు రంగుకాగితాల తోరణాలు కడుతున్నారనీ, ఇంకో గల్లీవాళ్లు నిలువెత్తు పూలదండ చెప్పారనీ కబుర్లు వచ్చాయి. అన్న గుమ్మంలో నిలబడి ఛాతీ విరుచుకుని అన్నాడు: "మనం నేతోళ్లం. కాగిదాలు కట్టుడేంది? చద్దరు నేసి కడ్దాం. హైద్రాబాదోళ్లు సుత సూసి నోరు తెర్వాలె. చెల్లె గీస్తది."

చద్దరు నేయాలంటే సాంచా కావాలి. సాంచా కావాలంటే బాపు కావాలి. బాపుకి మా హీరో అంటే పడదు.

"కండ్లు మంచిగున్నోడు నల్లద్దాలు ఎందుకు పెడ్తడురా? ఒక్క పద్యం చదువనీకొస్తదా గానికి? నా సాంచా మీద గాడు ఎక్కుడేంది?"

వెనక గదిలోంచి ఆకు కత్తిరిస్తూనే అమ్మ అంది: "ఒక్క చద్దరే గదా, నేయనియ్యి. పోరి చెయ్యి ఎట్లున్నదో గిట్లనన్న తెలుస్తది."

బాపు నా వైపు తిరిగాడు. "సరే. బొమ్మ బరోబర్ వస్తే నక్షీ పనిల కూసోవెడ్త. ఖరాబైందా, రేపట్నుంచి సప్పుడు జెయ్యకుంట అమ్మ పక్కన చాట వట్టాలె. మళ్ల పెన్సిల్ మాట ఎత్తొద్దు."

నేను ఊ కొట్టాను. కొట్టాక రెండు రోజులు అన్నం సహించలేదు.

ఇక్కడ మా పని గురించి ఒక్క ముక్క చెప్పాలి. గడుల కాగితం మీద ఒక గడి నింపామంటే, అక్కడ పోగు పైకి లేవాలని అర్థం. నింపిన గడులను బట్టి అట్టల్లో చిల్లులు కొడతారు, ఆ అట్టలు సాంచా మీద తిరుగుతుంటే బొమ్మ పడుతుంది. మా సాంచా మీద పైకి లేచేది తెల్లపోగు, కింద ఉండేది నీలం పోగు. ఎప్పుడూ నీలం నేల మీద తెల్ల పువ్వే కాబట్టి, గడి నింపితే తెల్లగా వస్తుంది. ఇది మా ఇంట్లో పాలపళ్ల పిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. కానీ మా హీరో ముఖం కళ్ల ముందుంటే తెలిసినవి గుర్తుంటాయా? బళ్లో డ్రాయింగు గీసినట్టు జుట్టు నల్లగా, మీసం నల్లగా, అద్దాలు మరీ నల్లగా, గడులన్నీ పెన్సిల్ అరిగిపోయేలా నింపేశాను. ముఖం మాత్రం ఖాళీగా, పున్నమి చంద్రుడిలా వదిలాను. ఎంత అందంగా వచ్చాడో! కాగితం మీద.

బాపు ఒక్కసారి చూసి ఉంటే అక్కడే పట్టేసేవాడు. "బాపూ, జర చూడరాదు" అని బతిమాలాను.

"గా మొఖం నేన్జూడ. సాంచా ఇచ్చిన గదా, సాలు," అని అటు తిరిగాడు. అట్టలు కొట్టే మామ ఉన్నాడు గానీ, ఆయన ధర్మం ఒక్కటే: నిండిన గడికి చిల్లు కొట్టడం. ఆ గడిలో హీరో మీసం ఉందా, నెమలి తోక ఉందా అని ఆయన ఏనాడూ అడిగిన పాపాన పోలేదు.

సినిమా ముందు రోజు పొద్దున్నే సాంచా మొదలైంది. గల్లీకి గల్లీ అంతా మా ముందు గదిలోనే. ముందు చొక్కా కాలరు వచ్చింది, అంతా చప్పట్లు కొట్టారు. తరవాత గడ్డం వచ్చింది. గడ్డం నీలంగా ఉంది. "నీడ వడ్డది కావచ్చు," అన్నాడు అన్న, నమ్మకంగానే. తరవాత మీసం వచ్చింది. తెల్లగా, పిండి అద్దినట్టు, మెరుస్తూ వచ్చింది.

"అరే దేవా! మీసం నెరిసింది!" అని అన్న పెట్టిన కేకకు పక్కింటి సాంచా కూడా ఆగింది.

బాపు వచ్చాడు. సాంచా ఆపి గొంతుక్కూచున్నాడు. పైనుంచి చూశాడు, వంగి కింద నుంచి కూడా చూశాడు. లేచి చేతులు దులుపుకున్నాడు. ఆయన తిట్టి ఉంటే కొంచెం నయంగా ఉండేది. నాకు కళ్ల ముందు చాట, కత్తెర, తునికాకు తప్ప ఏమీ కనపడలేదు. నూలు పెట్టెల మధ్య కూలబడి ఏడుపు మొదలుపెట్టాను.

అప్పుడు మా నాయినమ్మ కర్ర టకటకలాడిస్తూ వచ్చింది. గుంపును పక్కకు నెట్టి, సాంచా మీదికి వంగి, కళ్లు చికిలించి చూసింది. చూసి, బుగ్గన చేయి పెట్టుకుంది.

"గీయన మా రాజు గాదూ! ముసలి రాజు! గీ మీసమే, గీ దవడే! ఎవలు గీసిండ్రే గింత ఛాన్‌గ?"

"నేనే," అన్నాను ఏడుస్తూనే.

"మరి ఏడుస్తవెందుకే పిచ్చిదానా? ఒరేయ్ కొడుకా, సాంచా ఎందుకాపినవ్‌రా? కండ్లు రాకుంటనే ఇడిసిపెడ్తవా మొఖాన్ని? నడుపు!"

తల్లి మాట కాదనే ధైర్యం బాపుకి లేదు. మళ్లీ సాంచా నడిచింది. అద్దాలు వచ్చాయి. మా హీరో నల్లద్దాలు రెండు తెల్లటి గుండ్రాలై, నీలం ముఖంలో గుడ్లు తేలేసినట్టు వచ్చాయి. చిన్నపిల్లలు ఇద్దరు భయపడి ఇంటికి పారిపోయారు. నాయినమ్మ మాత్రం పరవశించిపోయింది. "కొడుకు సచ్చిండని తెల్సినంక గిట్లనే కండ్లు తేలేస్తుండె మారాజు," అని, అక్కడే నిలబడి వణికే గొంతుతో ఆయన పద్యం ఎత్తుకుంది. సాంచా చప్పుడులో ముక్క వినపడలేదు గానీ, చివర తీసిన రాగం మాత్రం చప్పుడును దాటి వినిపించింది. ఆ రాగానికి బాపు తల ఊపడం నేను చూశాను.

తెల్ల జుట్టు కూడా పూర్తయ్యాక బాపు చద్దరు కోశాడు. అన్న గోడకేసి తిరిగి నిలబడ్డాడు. బాపు చద్దరును రెండు చేతులా దులిపి, తిరగేసి నేల మీద పరిచాడు.

తెల్లటి ముఖం. నీలం జుట్టు, నీలం మీసం, నీలం అద్దాలు. మా హీరో! పోస్టరు మీద ఉన్నదానికంటే బాగున్నాడు. మా చద్దరుకు రెండు వైపులా బొమ్మ పడుతుంది, ఒకవైపు తెలుపైంది రెండోవైపు నీలమవుతుంది. చద్దరు కప్పుకునే పుట్టి, చద్దరు మీదే పాకి, దానికి రెండు ముఖాలుంటాయన్న సంగతి నేనూ మరిచాను, అన్నా మరిచాడు, గదిలో ఉన్న నేతవాళ్లు అంతమందీ మరిచారు (నల్లద్దాల మహిమ అది). వంగి కింద నుంచి చూసిన బాపు ఒక్కడికే తెలుసు. తెలిసీ నన్ను అంతసేపు ఏడవనిచ్చాడు.

తెల్లారి థియేటరు వాకిలి మీద చద్దరు కట్టారు. కాగితం తోరణాలవాళ్లూ, పూలదండవాళ్లూ వచ్చి అంచు పట్టుకుని చూసి పోతుంటే అన్న అక్కడి నుంచి కదలలేదు. లోపలికి వెళ్లేవాళ్లకు మా హీరో కనపడతాడు, బయటికి వచ్చేవాళ్లకు నాయినమ్మ రాజు. నాయినమ్మ రిక్షా కట్టించుకుని మరీ వచ్చింది. బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్ నుంచి తన ఈడు ముసలమ్మలను వెంటబెట్టుకుని తిన్నగా లోపలివైపుకు వెళ్లి, సినిమాకు వీపు పెట్టి నిలబడి, చద్దరుకు చేతులు జోడించింది. వాళ్లలో ఒకామె కళ్లు తుడుచుకుంది కూడా. పక్క గల్లీ పిల్లవాడెవడో "వెనుక గా ముసలోడెవ్వడు?" అని ఎకసెక్కంగా అడిగాడు.

తాడు గట్టిగా ఉందో లేదో చూడ్డానికే వచ్చానని చెప్పుకుంటున్న బాపు ముందుకొచ్చాడు. "గాయన మా అమ్మ హీరో. ఇటు దిక్కు మా బిడ్డ హీరో. ఒక్క చద్దర్ల ఇద్దర్ని నేసింది నా బిడ్డ. మీ గల్లీల ఎవలన్న ఉన్నరా గిట్ల గీసెటోళ్లు?"

"మరి నీ హీరో ఏడి కాకా?"

"నా హీరోను నేసే దారం ఇంక పుట్టలేదు," అన్నాడు బాపు మీసం సవరించుకుంటూ.

ఇంటికి నడిచి వస్తుంటే దారిలో నా పక్కకు వచ్చి, ఎవరికీ వినపడకుండా అన్నాడు: "చూక్ అయితే చూకే. మళ్లొక్కపారి గడి నింపేముందు ఏ పోగు లేస్తదో అడుగు." తప్పు తప్పేనన్న మొదటి సగానికి తల దించుకున్నాను. రెండో సగం అర్థమయ్యేసరికి హోట్గి రోడ్ మలుపు దాటాం. మళ్లొక్కపారి! నడిరోడ్డు మీద ఎగిరి గంతేశాను. గంతేస్తే చెప్పు తెగింది. తెగిన చెప్పు చేత్తో పట్టుకుని, ఈ భూమ్మీద నా అంత గొప్పది లేదన్నట్టు నడిచి ఇంటికొచ్చాను.

ఆ తరవాత మా పేటలో ఎన్ని ఇళ్ల మంచాల మీద నా నెమళ్లు పరుచుకున్నాయో చెప్పుకుంటే సొంత డబ్బా అవుతుంది గనక ఊరుకుంటాను (కానీ చాలానే). నాయినమ్మ పోయింది, బాపూ పోయాడు. మా హీరో ఉన్నాడు. ఇప్పుడు నల్లద్దాలు తీసేసి, నెరిసిన మీసంతో హీరోయిన్ తండ్రి వేషాలు వేస్తున్నాడు. మొన్న టీవీలో చూస్తే అచ్చం చద్దరు వెనకవైపులాగే ఉన్నాడు. ఆయన ముసలితనాన్ని ఆయనకంటే ముందు చూసింది మా నాయినమ్మే.

మా అమ్మాయి ఇప్పుడు కంప్యూటర్‌లో నక్షీ గీస్తుంది. కాలేజీ పిల్లలకు మా హీరో పాత పాటలంటే ఈమధ్య మహా మోజట, ఆయన బొమ్మతో చద్దర్లు అడుగుతున్నారట. ఆ మాట విని నేను పొంగిపోతుంటే అది నవ్వి, "నీ హీరో గిరాకీకి, నా హీరో నాకు," అని కొరియా పాటగాడి బొమ్మ ఒకటి తెర మీద పెట్టింది. గులాబి రంగు జుట్టు, చెవికి పోగు, నున్నటి ముఖం.

"ఏందే గిది? మీసమన్న లేకపాయె. గడి నింపనీకి మొఖంల జాగేడిదే?" అన్నాను. అనేశాక నా నోట బాపు పలికాడని నాకే తెలిసింది.

"జర చూడు మమ్మీ. కంప్యూటర్ ముక్కు మంచిగ తీస్తలేదు. నువ్వయితే తీస్తవ్."

కళ్లజోడు పెట్టుకుని కూచున్నాను. పక్కన అమ్మాయి ఫోనులో వాడి పాటలే మోగుతుంటే, ముక్కు కోసం ఆ పిల్లవాడి ముఖాన్ని పొద్దంతా చూశాను. ముక్కు పక్కన నీడ సరిగ్గా పడ్డాక మా అమ్మాయి "ఏక్‌దమ్ బరోబర్!" అని నన్ను వాటేసుకుంది. గర్వంగా అనిపించింది. ఎవరిని చూసి అని అడిగితే చెప్పలేను. సాయంత్రం వంటింట్లో చపాతీలు ఒత్తుతుంటే, పక్క గదిలో అది ఫోను ఆపేసి చెవి రిక్కించడం తెలిసింది. అప్పటిదాకా నేను కొరియా పాట కూనిరాగం తీస్తున్నానట. మాట ఒక్కటి రాదు, రాగం మాత్రం తప్పలేదట.