సుందరమ్మ వేలిముద్ర

పదేళ్ళుగా ఒక వేలిముద్రను మోస్తున్నాను. నాది కాదు. నేను చదువుకున్నదాన్ని, ఇంగ్లీషులో పొడుగ్గా సంతకం పెడతాను. ఆ వేలిముద్ర సుందరమ్మ అనే ఆమెది. పిడుగురాళ్ళ దగ్గర ఒక సున్నం ఫ్యాక్టరీలో బస్తాలు నింపే కూలి మనిషి. ఈ సంగతి మా ఆయనకు చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. కోటప్పకొండ ఎక్కినప్పుడల్లా దేవుడికైనా చెబుదామనుకుంటాను. తీరా ఎదురుగా నిలబడ్డాక పిల్లల ఆరోగ్యం గురించి మొక్కుకుని దిగొచ్చేస్తాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్తున్నాను. ఇందులో ధైర్యం ఏమీ లేదు.

నేను నరసరావుపేటలో ఒక కాలేజీలో ఎంబీఏ పిల్లలకు పాఠాలు చెప్తాను. నా సబ్జెక్టు ఏమిటో తెలుసా? రీసెర్చ్ మెథడాలజీ. సర్వే ఎలా చెయ్యాలి, మనిషిని ఎలా అడగాలి, చెప్పింది చెప్పినట్టు ఎలా రాసుకోవాలి. నవ్వుకోండి, ఫరవాలేదు.

పదేళ్ళ కిందట నేనూ ఎంబీఏ రెండో సంవత్సరంలో ఉన్నాను. మాది ఎడ్లపాడు పక్కన పల్లె, మిరప, పత్తి వేసే ఇల్లు. మా ఇంట్లో పీజీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్లను. ఆరు వారాలు ఏదో ఒక కంపెనీలో ఇంటర్న్‌షిప్ చెయ్యాలి, దాని మీద ప్రాజెక్టు రిపోర్టు రాయాలి, అది లేకపోతే డిగ్రీ రాదు. నాన్నకు తెలిసిన లారీ ఓనరు ఒకాయన మాట సాయంతో ఆ సున్నం ఫ్యాక్టరీలో చోటు దొరికింది. ప్రాజెక్టు పేరు మా గైడే పెట్టారు: కార్మికుల సంక్షేమం, భద్రత మీద వాళ్ళ సంతృప్తి. నూరు మంది కార్మికులను అడగాలి. ఒక్కొక్కరికి ఇరవై ప్రశ్నలు, ప్రతి ప్రశ్నకూ ఐదు గడులు. చాలావాటికి అవి పూర్తిగా సంతృప్తి దగ్గర మొదలై పూర్తిగా అసంతృప్తి దగ్గర ఆగుతాయి.

నూరు మందిని ఎవరూ అడగరు. ఇది మా చదువులో అందరికీ తెలిసిన సంగతి. హాజరు పట్టీలోంచి పేర్లు ఎత్తుకొచ్చి, ఇంట్లో కూర్చుని, పెన్నులు మార్చి మార్చి టిక్కులు పెడతారు. సీనియర్లు మాకు చెప్పారు, మేం జూనియర్లకు చెప్పాం. నీలం, నలుపు, అక్కడక్కడ ఆకుపచ్చ. కొన్ని కాగితాలు మడతపెట్టి నలపాలి, అప్పుడే ఊళ్ళు తిరిగొచ్చినట్టుంటాయి. నాకు తమ్ముడు సాయం చేశాడు. మా అమ్మ కూడా టీవీ ముందు కూర్చుని ఒక కట్ట నింపింది. "ఏమే, సంతృప్తి అంటే ఏ గడే?" అని ఒకసారి అడిగి తెలుసుకుంది, ఆ తర్వాత తల ఎత్తలేదు.

అంటే నేను అసలు ఎవర్నీ అడగలేదా అంటే, అడిగాను. ఒక్క మధ్యాహ్నం. అదే నా ప్రాణానికి వచ్చింది.

ఆరు వారాలూ ఆఫీసు గదిలో ఏసీ కిందే కూర్చున్నాను. ఒక రోజు మాత్రం, రిపోర్టులో పెట్టడానికి ఫొటో కావాలి కదా అని, బస్తాలు నింపే షెడ్డుకు వెళ్ళాను. లోపల మనుషులు కాదు, తెల్లటి ముద్దలు తిరుగుతున్నట్టుంది. నాకు రెండు నిమిషాల్లో గొంతు పట్టేసింది. ముక్కుకూ నోటికీ పాత చీర ముక్క కట్టుకున్న ఒకామె నా దగ్గరకొచ్చింది. నలభై ఏళ్ళుంటాయేమో. కనుబొమలు కూడా తెల్లగా ఉన్నాయి.

"ఏందమ్మాయ్ ఆ కాయితాలు?"

"ఇక్కడ మీకు సదుపాయాలు ఎట్టా ఉన్నాయో రాసుకుంటన్నా పిన్నీ."

"అట్టయితే రాయి. కళ్ళకి అద్దాలు ఇయ్యట్లేదని రాయి. దుమ్ము కళ్ళల్లో పడతంది. కడుక్కుందామంటే నీళ్ళు గేటు కాడ పెట్టారు. ఆడికి ఉరికేలోపు కన్ను ఉడికిపోద్ది. మొన్న ఒకదానికి చానా అయింది, ఇంకా మంచంలోనే ఉంది. అది కూడా రాయి. నా పేరే రాయి, సుందరమ్మని. నాకేం భయం?"

రాస్తాను పిన్నీ అన్నాను. కాగితం పైన ఆమె పేరు రాశాను. అంతే రాశాను. మిగతాది గదిలో కూర్చుని రాసుకోవచ్చులే అనుకున్నాను, అక్కడ నిలబడలేక. ఆమె నన్ను పోనివ్వలేదు. ఏలిముద్ర లేని కాయితం ఎవురు నమ్ముతారు అంటూ సూపర్‌వైజరు బల్ల మీద ఉన్న స్టాంపు ప్యాడ్ దగ్గరకు నన్ను తీసుకుపోయింది. ఆమె దృష్టిలో అది అర్జీ. సర్కారు వారికి పోయే కాగితం. అక్కర్లేదు పిన్నీ అని నేను అంటూనే ఉన్నాను, ఆమె బొటనవేలు చీరకు తుడుచుకుని ఖాళీ కాగితం కింద గట్టిగా అద్దింది. నేను తెచ్చిన నూరు కాగితాల్లో నిజంగా ఒక మనిషి ముట్టుకున్నది అదొక్కటే.

ఇక ఇది జాగ్రత్తగా చెప్పాలి. ఇక్కడ నాకు అబద్ధమాడే అలవాటు ఉంది. ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నది ఏమిటంటే, కట్టలో కలిసిపోయి ఆ కాగితం కూడా పొరపాటున అందరితో పాటు నింపేశాను అని. పొరపాటు కాదు. ఆ కాగితం చేతికి వచ్చినప్పుడు ఆగాను. వేలిముద్ర చూశాను. ఆమె మాటలు ఒక్కటి కూడా మర్చిపోలేదు. గైడ్ అన్న మాట కూడా గుర్తొచ్చింది, నెగటివ్ ఎక్కువ పెట్టకమ్మా, కంపెనీ వాళ్ళు సీలు వెయ్యరు అని. ఎక్కువ పెట్టకు అన్నారాయన, అసలే పెట్టకు అనలేదు. నన్నెవరూ బెదిరించలేదు. బెదిరించి ఉంటే ఎంత బాగుండేది! ఒక్క కూలి మనిషి కాగితం వల్ల ఏం మారుతుందిలే, అన్నీ ఒక తీరుగా ఉంటే లెక్క తేలిక అనుకున్నాను. కళ్ళద్దాలు, ముసుగులు ఇస్తున్నారా అన్నచోట అవును, ఎప్పుడూ. నీళ్ళ వసతి, పూర్తిగా సంతృప్తి. ఇరవై టిక్కులు. ఒక నిమిషం పట్టిందేమో.

తర్వాత ఆ నూరు మంది మీద లెక్కలు కట్టాను. కార్మికులు సంతృప్తిగా ఉన్నారని తేలింది. తేలక ఏం చేస్తుంది, తేల్చింది నేనేగా. నల్ల అట్ట, బంగారు అక్షరాలు. తమ విలువైన సమయం ఇచ్చిన కార్మిక సోదర సోదరీమణులకు కృతజ్ఞతలు అని మొదటి పేజీల్లో రాశాను. ఒక కాపీ కాలేజీకి, ఒక కాపీ కాగితాల కట్టతో సహా కంపెనీకి. మంచి మార్కులు వచ్చాయి. నాన్న ఆ పుస్తకాన్ని ఊళ్ళో నలుగురికీ చూపించాడు. చదువు అయిపోయింది. ఇప్పుడు పని చేస్తున్న ఈ కాలేజీలోనే ఉద్యోగం వచ్చింది.

చేరిన రెండో నెలలో ఫ్యాక్టరీ మేనేజరు ఫోన్ చేశాడు. మర్యాదస్తుడు, నన్ను అమ్మా అనేవాడు. బస్తా పగిలి సున్నం సుందరమ్మ కళ్ళల్లో పడిందట. ఎడమ కన్ను పోయింది. కుడి కన్ను అంతంత మాత్రం. ఆమె తరపు వాళ్ళు లేబర్ ఆఫీసులో కేసు వేశారు. అద్దాలు ఇచ్చాం, పెట్టుకోకపోవడం ఆమె తప్పు అని కంపెనీ అంటోంది. అందుకు సాక్ష్యం నా ప్రాజెక్టు.

"నిన్ను అబద్ధం చెప్పమనట్లేదమ్మా," అన్నాడు. "నీ ప్రాజెక్టు నిజమేనని చెప్పు, చాలు."

వెళ్ళాను. ఎందుకు వెళ్ళాను? ఆ కాగితం దొంగదని ఒప్పుకుంటే ప్రాజెక్టు రద్దవుతుంది, డిగ్రీ పోతుంది, ఉద్యోగం పోతుంది, ఊళ్ళో నాన్న తల ఎత్తుకోలేడు అనుకున్నాను. నిజంగా రద్దయ్యేదా? నాకు తెలియదు. కనుక్కోలేదు. కనుక్కుంటే, ఏమీ కాదులే అని తేలితే, దాక్కోవడానికి ఆ సాకు కూడా ఉండదు కదా.

లేబర్ ఆఫీసులో బెంచీ మీద సుందరమ్మ కూర్చుని ఉంది. ఎడమ కంటి మీద దూది, పట్టీ. కుడి కన్ను ఎర్రగా ఉండి నీళ్ళు కారుతోంది. పక్కన కూతురు చెయ్యి పట్టుకుని ఉంది. రాణి ఆ పిల్ల పేరు, ఇంటర్ చదివే వయసు. నేను ఆఫీసరుకు నమస్కారం పెట్టి నా పేరు చెప్పాను. ఆ గొంతు విని సుందరమ్మ లేచి నిలబడింది.

"ఆ అమ్మాయే! నే చెప్పలా రాణీ, ఒకమ్మాయి అంతా రాసుకుపోయిందని? వచ్చింది చూడు. ఇంకేం ఫరవాలేదు."

నేను సాక్ష్యం చెప్పడానికి వచ్చాననుకుంది. తన వైపు.

ఆఫీసరు కాగితం తీసి ఇరవై ప్రశ్నలూ, జవాబులూ తెలుగులో పైకి చదివాడు. చదువుతున్నంతసేపూ ఆమె తల అటూ ఇటూ తిప్పుతూ వింది. తర్వాత నన్ను అడిగాడు. ఇది మీరే నింపారా? ఆమె చెప్పిందే రాశారా?

"అవునండీ," అన్నాను. "ఆమె చెప్పిందే రాశాను."

సుందరమ్మ అరవలేదు. తిట్టలేదు. తిడితే నేను కూడా నాలుగు మాటలు అని, ఆ కోపంలో ఇంటికి పోయి నిద్రపోయేదాన్ని. ఆమె నా గొంతు వచ్చిన వైపు తిరిగింది.

"నేను అట్టా చెప్పలేదే తల్లీ. కాయితం మారిపోయిందేమో. ఇంకెవురిదన్నా అయ్యుంటది. ఒకసారి చూసుకో."

నాకు తప్పించుకునే దారి ఆమే చూపించింది. కన్ను పోగొట్టుకున్న మనిషి. అవునండీ, మారినట్టుంది, నూరు కాగితాల్లో పొరపాటు జరిగింది అంటే చాలు. నా డిగ్రీ పోయేది కాదు, పరువు పోయేది కాదు, ఆ కాగితం కేసులోంచి పోయేది. అంత తేలిక. ఆఫీసరు కూడా నా వైపు ఆశగానే చూశాడనిపిస్తుంది ఇప్పుడు తల్చుకుంటే. మేనేజరు మాత్రం తన ఫోను చూసుకుంటున్నాడు, నేనేం చెప్తానో తనకు ముందే తెలిసినట్టు.

నేను వంగి కాగితం కింద వేలు పెట్టి చూపించాను.

"వేలిముద్ర ఉందండీ," అన్నాను.

టిక్కులు నా సోమరితనం. సాక్ష్యం నా పిరికితనం. కానీ ఆ మాట? ఎవరూ అడగలేదే ఆ మాట! ఎందుకన్నాను? తప్పు చేస్తున్నవాళ్ళం దాన్ని కూడా శుభ్రంగా చెయ్యాలనుకుంటామా?

అద్దాలు ఇచ్చినా పెట్టుకోలేదని, తప్పు ఆమెదేనని తేల్చారు. కేసు కొట్టేశారు. కొన్నాళ్ళకు తెలిసింది, రాణి చదువు మానేసి తల్లి చోట అదే షెడ్డులో చేరిందని. ఎవరు చెప్పారో గుర్తుంది, విన్నప్పుడు నేనేం తింటున్నానో కూడా గుర్తుంది. దొంగకు తేలు కుట్టినట్టు, తినడం పూర్తి చేశాను. ఆ ఊరు మీదుగా బస్సులో ఎన్నిసార్లు పోలేదు? దిగి, వాళ్ళ ఇల్లు ఎక్కడ అని అడిగితే చెప్పేవాళ్ళే. దిగలేదు.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఈ ఏడు మా కాలేజీ పిల్లల్ని అదే ఫ్యాక్టరీకి ఇంటర్న్‌షిప్‌కు పంపారు. అందులో ఒకమ్మాయికి నేనే గైడ్‌ని. కాగితాల కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టింది. నీలం, నలుపు, అక్కడక్కడ ఆకుపచ్చ. తిప్పుతుంటే ఒక పేరు దగ్గర చెయ్యి ఆగింది. రాణి. ఇంటిపేరు అదే, షెడ్డు అదే. అన్నిటికీ పూర్తిగా సంతృప్తి.

"ఈమెకు కళ్ళద్దాలు ఇస్తున్నారా?" అని అడిగాను.

"తెలీదు మేడం," అంది ఆ పిల్ల, సిగ్గుపడుతూ. "అడగలేదు."

దాని వయసులో నాకు ఆ మాత్రం నోరు కూడా రాలేదు. దాన్ని కోప్పడాలి, కట్ట వెనక్కిచ్చి షెడ్డుకు పంపాలి. కంచే చేను మేస్తే ఇంక చెప్పేదేముంది? ఇంకో వారంలో రిపోర్టులు యూనివర్సిటీకి పోవాలి. సంతకం పెట్టాను. అవును, మళ్ళీ. మొన్న మంగళవారం. పదేళ్ళ కిందటిదైతే చిన్నతనం అనుకుని మీరు కాస్త జాలిపడేవారేమో. దీనికి ఏమంటారు?

క్షమించమని అడగడానికి ఇది రాయలేదు. క్షమించాల్సిన మనిషి మీరు కాదు, సుందరమ్మ. ఆమెకు చదవడం రాదు. చదివి వినిపించే కూతుర్ని నేనే షెడ్డులో పెట్టాను. రాశాక తేలికైందా అంటే, అయింది, కొంచెం. ఆ కొంచెం కూడా నాకు దక్కాల్సింది కాదని తెలుసు. అయినా ఆ రోజు ఆమె అడిగినదానికి ఒక్కసారైనా నిజం చెప్పి ఆపేస్తాను.

కాయితం మారలేదు పిన్నీ. అది నీదే. నువ్వు చెప్పిందంతా నాకు గుర్తుంది. అప్పుడూ గుర్తుంది. గుర్తుండే అలా రాశాను.